సూది పడ్డది, టీకా పట్టలేదు

2018 జనవరి 8, సంక్రాంతికి వారం ముందు. నర్సంపేట అవతల ఒక ఊరి నుంచి పొద్దున ఆరింటికే ఫోన్. మంద పెద్దాయన గొంతు. "సారూ, మీరు సూదులేసిపోయినంక జీవాలకు గత్తర సొచ్చింది. ఆరు సచ్చినయి. ఇగ మీరే రావాలె."

"సూదులేసిపోయినంక" అన్న మాటతోనే నిద్ర వదిలింది. ఆ మందకు పి.పి.ఆర్. టీకా, అంటే గొర్రెలకు, మేకలకు వచ్చే పారుడు రోగం టీకా, వేసింది నేనే, డిసెంబర్ 27న. అప్పటికి పన్నెండు రోజులు. టీకా వేసిన మందలో అదే రోగం కనిపిస్తే మాకు అలవాటైన జవాబులు రెండున్నాయి. మందు మంచిది కాదని తయారీదారు మీదకు తోసెయ్యడం ఒకటి, ఐస్ డబ్బా సరిగా చూసుకోలేదని సిబ్బంది మీదకు తోసెయ్యడం రెండోది. దారి పొడుగునా నేను రెండోదే అనుకుంటూ వెళ్లాను. రెండూ తప్పని తేలడానికి మూడు వారాలు పట్టింది. తేల్చింది ల్యాబ్ కాదు, ఆ పెద్దాయనే.

మందలో ఏమున్నాయంటే

మొత్తం 84 జీవాలు. పెద్ద గొర్రెలు, పొట్టేళ్లు కలిపి 46. అక్టోబర్ చివర పుట్టిన గొర్రెపిల్లలు 29. ఇవి కాక 9 మేకపోతులు. ఆ ఏడాది మేడారం జాతర జనవరి 31న మొదలు. జాతరకు నాలుగు పైసలు వస్తాయని పెద్దాయన డిసెంబర్ మూడో వారంలో అంగడిలో ఈ పోతులను కొని మందలో కలిపాడు. రాత్రి అన్నీ ఒకే దొడ్డిలో పడుకుంటాయి. పగలు ఒకే చెరువు నీళ్లు.

నేను వెళ్లేసరికి చచ్చిన ఆరింట్లో నాలుగు పోతులు, రెండు పిల్లలు. మిగిలిన పోతుల్లో మూడు నిలబడి ఉన్నాయి గానీ తలలు వేలాడేసుకుని ఉన్నాయి. ముక్కుల నుంచి చిక్కని చీమిడి కారి ఎండి, ముక్కు రంధ్రాలకు పెచ్చు కట్టింది. కళ్లు పుసులు పట్టి అతుక్కున్నాయి. నోరు తెరిస్తే వాసన చెప్పనలవి కాదు. చిగుళ్ల మీద, పెదవుల లోపల తవుడు చల్లినట్టు తెల్లటి పొర. వేలితో తుడిస్తే కింద ఎర్రటి పుండు. జ్వరం 105 డిగ్రీలు. వెనక తోకంతా పారుడుతో తడిసి ఉంది. మనవాళ్లు దీన్ని పారుడు రోగం అన్నారంటే ఊరికే అన్లేదు.

ఆ పొద్దున చచ్చిన పిల్లను అక్కడే కోసి చూశాను. ఊపిరితిత్తుల ముందు తమ్మెలు కాలేయంలా గట్టిపడ్డాయి. పెద్దపేగు చివర, పురీషనాళం లోపల పొడుగ్గా చారలు చారలుగా ఎర్రటి గీతలు. ఈ గీతలు కనిపించాక నాకు పెద్దగా అనుమానం మిగల్లేదు. అయినా పక్కన నిలబడ్డ ఒకతను "నీలి నాలుక గాదా సారూ?" అన్నాడు. మంచి ప్రశ్నే. వానల తర్వాత దోమల్లాంటి చిన్న ఈగలు కుట్టి వచ్చే ఆ రోగంలోనూ ముక్కు కారుతుంది, నోరు పూస్తుంది. కానీ అందులో మూతి ఉబ్బుతుంది, గిట్టల పైన ఎర్రబడి జీవాలు కుంటుతాయి, మేకల కంటే గొర్రెలకు దెబ్బ ఎక్కువ. ఇక్కడ ఒక్కటీ కుంటడం లేదు, ముందు పోయినవి మేకలు. ముక్కు, కంటి స్రావాలను దూదిపుల్లలతో తీసి, ఆ పిల్ల శోషగ్రంథి, ప్లీహం ముక్కలు కోసి ఐసులో పెట్టి ల్యాబ్‌కు పంపాను. ఆరు నమూనాల్లో ఐదింట్లో పి.పి.ఆర్. వైరస్ ఉందని ఎలైజా పరీక్షలో తేలింది.

వైద్యం గురించి పెద్దగా చెప్పడానికి లేదు. వైరస్‌కు మందు లేదు. ఊపిరితిత్తుల్లో తర్వాత చేరే సూక్ష్మక్రిములకు యాంటీబయాటిక్, నోటి పుండ్లకు బోరిక్ గ్లిజరిన్, తాగగలిగినదానికి ఉప్పు కలిపిన గంజి, రాగి జావ. జబ్బు జీవాలను ఊరి బయట చింతచెట్టు కిందికి వేరు చేయించాను. చచ్చినవాటిని సున్నం వేసి లోతుగా పూడ్పించాను. చుట్టుపక్కల ఊళ్లలో టీకాలు బయటి నుంచి లోపలికి వలయంలా వేసుకుంటూ రావాలని అనుకున్నాం. అనుకున్నంత తేలిక కాలేదు. రెండో ఊళ్లోనే మందల వాళ్లు దొడ్డి తలుపు తియ్యలేదు. "ఆ ఊర్ల సూదులేస్తెనే గద సచ్చినయి" అన్నారు.

కాదని ఒప్పించడానికి నా చేతిలో అప్పుడు ఒకటే ఆధారం ఉంది. అదీ నేను గర్వంగా చెప్పుకునేది కాదు.

అవ్వ మేకలు

అదే ఊళ్లో ఇంకో కొసన ఒక అవ్వకు ఐదు మేకలున్నాయి. టీకా వేసిన రోజు ఆమె వచ్చి "నా మేకలకు గూడ ఏసిపో బిడ్డా" అని అడిగింది. పి.పి.ఆర్. టీకా గడ్డకట్టించి ఎండబెట్టిన బిళ్లలా సీసాలో ఉంటుంది. చల్లటి ద్రావణంలో కలిపాక రెండు గంటల్లోపు వాడెయ్యాలి. మాకొచ్చే సీసాలో 100 మోతాదులు. నేను ఏడింటికి కలిపాను, మంద పూర్తయ్యేసరికి తొమ్మిది దాటింది. సీసాలో 16 మోతాదులు మిగిలాయి కానీ గడువు అయిపోయింది. ఐదు మేకల కోసం ఇంకో వంద మోతాదుల సీసా తెరవడానికి మనసొప్పలేదు. "మళ్లొచ్చినప్పుడు వేస్తానవ్వా" అన్నాను.

జనవరిలో ఆ ఐదింట్లో మూడింటికి రోగం వచ్చింది, రెండు చచ్చిపోయాయి. వాటికి సూది తగల్లేదు కాబట్టి రోగం సూది వల్ల రాలేదని ఊరివాళ్లకు చూపించాను. నా వాదన నెగ్గింది. అవ్వ మాత్రం నాతో మాట్లాడలేదు.

అనుమానం ఎవరి మీద

పోతుల సంగతి తొందరగానే విడిపోయింది. పెద్దాయనను కూర్చోబెట్టి ఒక్కొక్క రోజు అడిగితే, మొదటి పోతుకు ముక్కు కారడం డిసెంబర్ 30న, అంటే టీకా వేసిన మూడో రోజు మొదలైందని చెప్పాడు. ఈ వైరస్ ఒంట్లోకి వెళ్లాక రోగం బయటపడటానికి మామూలుగా నాలుగు నుంచి ఆరు రోజులు. అంటే సూది పడేనాటికే అది వైరస్‌ను మోస్తోంది, అంగడి నుంచి తెచ్చుకుంది. అప్పుడే చెప్పి ఉండవచ్చు కదా అంటే, "నీళ్లు మారినయి గద సారూ, పడిశం అనుకున్న" అన్నాడు. ఆ మాటకొస్తే టీకా రోజు కొత్త పోతులను చూసి రెండు వారాలు వేరుగా పెట్టమనవలసింది నేను. తొమ్మిదింట్లో ఏడింటికి రోగం వచ్చి నాలుగు పోయాయి. వీటి విషయంలో టీకాను తప్పుపట్టడానికి లేదు. బలం రావడానికి దానికి పది రోజుల నుంచి రెండు వారాలు కావాలి.

చిక్కంతా పిల్లల దగ్గరే. 29 పిల్లల్లో 17 జబ్బు పడ్డాయి, 11 చచ్చాయి. చాలావాటికి జ్వరం వచ్చింది జనవరి 10 తర్వాత. చివరిది 16న. అంటే టీకా వేసి రెండు వారాలు దాటాక. అప్పటికి అవి గట్టిగా నిలబడాలి. పెద్ద గొర్రెల్లో మూడింటికి నాలుగు రోజులు ముక్కు కారి తగ్గింది, ఒక్కటీ చావలేదు.

నేను ఐస్ డబ్బా చుట్టూనే తిరిగాను. ఫ్రిజ్ ఉష్ణోగ్రత రాసిన పుస్తకం చూశాను. ఆ వారం కరెంటు ఎప్పుడు పోయిందో అడిగాను. ఎండాకాలంలో మా దగ్గర 45 డిగ్రీలు కొత్త కాదు గానీ డిసెంబర్ పొద్దున ఏడింటికి మంచు కురుస్తోంది. వేడి కారణం అనడానికి ఎక్కడా పట్టు దొరకలేదు. దొరికితే బాగుండునని కూడా అనిపించింది, నిజం చెప్తున్నాను.

జనవరి చివర్లో మళ్లీ వెళ్లినప్పుడు పెద్దాయన గొంగడి పరిచి కూర్చోబెట్టి, చాయ్ తెప్పించి, తనకు తానే అన్నాడు: "ఒక ముచ్చట సమజైతలేదు సారూ. సచ్చినయన్నీ పాత గొర్రెల పిల్లలే. తొలిసూరి గొర్రెల పిల్లలు బతికినయి."

ఎన్ని అని అడిగాను. ఆయనకు రాసుకున్న లెక్క లేదు, కానీ ఏ పిల్ల ఏ గొర్రెదో మొహం చూసి చెప్తాడు. చచ్చినవాటిని కూడా "నల్లచెవుల దాని పిల్ల", "కుంటిదాని పిల్ల" అంటూ వరసపెట్టాడు. నేను రాసుకున్నాను. పాత గొర్రెల పిల్లలు 19. వాటిలో 15 జబ్బు పడ్డాయి, 10 పోయాయి. తొలిసారి ఈనిన గొర్రెల పిల్లలు 10. వాటిలో జబ్బు పడ్డవి రెండు, పోయింది ఒకటి. ఆ ఒక్కటి కూడా జనవరి 3న, టీకా వేసిన ఏడో రోజునే పడిపోయింది.

రిజిస్టర్ తిరగేస్తే అర్థమైంది. ఆ మందకు అంతకుముందు పి.పి.ఆర్. టీకా పడింది 2016 జనవరిలో. పాత గొర్రెలన్నిటికీ అప్పుడు పడింది. తొలిసూరి గొర్రెలు ఆ తర్వాత పుట్టినవి, వాటికి ఈ డిసెంబర్ దాకా సూదే తెలియదు. టీకా బలమున్న తల్లి జున్నుపాలతో తన రక్షణను పిల్లకు ఇస్తుంది. ఆ రక్షణ మొదటి నెలల్లో పిల్లను కాస్తుంది, ఆ తర్వాత కొంచెం కొంచెంగా అరిగిపోతుంది. ఈ అరిగే కాలంలో ఒక వింత జరుగుతుంది. మిగిలిన కాస్త రక్షణ బయటి వైరస్‌ను ఆపడానికి చాలదు, కానీ టీకాలోని బలహీనపడ్డ వైరస్‌ను మట్టుబెట్టడానికి సరిపోతుంది. రెండు నెలల వయసులో నేను వేసిన సూదిని ఆ పిల్లల ఒంట్లో తల్లిపాలే తినేశాయి. తల్లి నుంచి ఏమీ రాని పిల్లల్లో టీకా పట్టింది.

ఐస్ డబ్బా మీద నా అనుమానం కూడా ఇక్కడే పోయింది. సీసాలో మందు వేడికి చచ్చిపోయి ఉంటే అందరికంటే ముందు తొలిసూరి గొర్రెల పిల్లలు పోవాలి, వాటికి ఇంకే అండా లేదు. అవే బతికాయి. మందు బాగానే ఉంది. వేసిన వయసు తప్పు.

29 పిల్లలు, ఒక మంద, చిన్న లెక్క. దీన్ని పట్టుకుని సిద్ధాంతం చెయ్యలేను. రక్తం పరీక్షతో గట్టి చేసుకుందామని బతికిన పిల్లల సీరం తీసి పంపాను. దాదాపు అన్నిట్లో యాంటీబాడీలున్నాయని వచ్చింది. అవి తల్లి ఇచ్చినవా, టీకా ఇచ్చినవా, రోగం ఇచ్చినవా అంటే ఆ పరీక్ష చెప్పలేదు. మూడూ దానికి ఒకటే.

రెండు నెలల పిల్లకు ఎందుకు వేశాను

మూడు నెలలు దాటిన పిల్లలకే వెయ్యాలని నాకు తెలుసు. సీసా మీద రాసే ఉంటుంది. అయినా వేశాను. 46 పెద్దవి, 9 పోతులు అయ్యాక సీసాలో 45 మోతాదులున్నాయి. పారబొయ్యాలి. పెద్దాయన "పిల్లలకు గూడ ఏసెయ్యుండ్రి సారూ, మళ్ల ఎప్పుడొస్తరో" అన్నాడు. ఆ మాటలో తప్పు పట్టడానికి నాకు నోరు రాలేదు, ఎందుకంటే మళ్లీ ఎప్పుడొస్తామో మాకూ తెలియదు. పారబొయ్యడం కంటే మేలు కదా అనుకున్నాను. రిజిస్టర్‌లో "84 జీవాలకు టీకాలు పూర్తి" అని రాశాను. ఆ గీత గీశాక ఆ పిల్లలకు నాలుగో నెలలో మళ్లీ వెయ్యాలన్న ఆలోచన ఎవరికీ రాదు, కాగితం మీద అవి పూర్తయినవి. నిజానికి ఆ రోజు టీకా సక్రమంగా పడింది అంటే 46కే.

అదే సీసా ఒకే పొద్దున రెండు తప్పులు చేయించింది. మోతాదులు మిగిలాయని వెయ్యకూడని పిల్లలకు వేయించింది. మోతాదులు వృథా అవుతాయని వెయ్యవలసిన అవ్వ మేకలకు వేయించలేదు.

టీకా తయారీ అంటే మనకు గుర్తొచ్చేది వైరస్‌ను మచ్చిక చెయ్యడం. పి.పి.ఆర్.లో ఆ పని మన దేశంలో చాలా బాగా జరిగింది. ఈ రోగాన్ని మన దగ్గర మొదట గుర్తించింది 1987లో, తమిళనాడులోని అరసూరులో. అప్పట్లో దీనికి సొంత టీకా లేదు. దీనికి దగ్గరి చుట్టమైన, ఆవులకు, గేదెలకు వచ్చే రిండర్‌పెస్ట్ రోగం టీకానే గొర్రెలకు, మేకలకు వేసేవారు, అదీ కాపాడేది. కానీ రిండర్‌పెస్ట్‌ను తుడిచిపెట్టాలంటే చివరికి ఆ టీకా ఆపెయ్యాలి. వేస్తూ ఉంటే యాంటీబాడీలు రోగానివో టీకావో తెలియదు. అలా పి.పి.ఆర్.కు సొంత టీకా అవసరమైంది. హిమాచల్ ప్రదేశ్‌లోని సుంగ్రిలో మేకల నుంచి తీసిన వైరస్‌ను ముక్తేశ్వర్‌లోని భారత పశువైద్య పరిశోధన సంస్థ శాస్త్రవేత్తలు, కోతి మూత్రపిండం నుంచి వచ్చిన వీరో కణాల మీద ఒకదాని తర్వాత ఒకటిగా 59 సార్లు పెంచారు. రోగం తెచ్చే శక్తి పోయింది, రక్షణ ఇచ్చే గుణం మిగిలింది. సుంగ్రి 96 అంటే ఇదే. చూడి గొర్రెలకు వేసినా ఈసుకపోవు, గర్భం నిలుస్తుంది. ఒక్క సూదితో ఏళ్ల తరబడి రక్షణ. ఆఫ్రికాలో వాడే నైజీరియా 75/1 కూడా ఇలాంటిదే. పైగా ఈ వైరస్‌లో నాలుగు వంశాలున్నా రక్షణ విషయంలో అన్నీ ఒకటే రకం, ఒక టీకా అన్నిటికీ చాలు. నీలి నాలుక టీకా తయారుచేసేవాళ్లను అడిగితే ఈ అదృష్టం విలువ చెప్తారు. అక్కడ రకాలు పాతికకు పైనే ఉన్నాయి, మన దేశపు టీకాలో ఐదింటిని కలపాల్సి వచ్చింది.

తర్వాతి శ్రమంతా వేడి మీద పెట్టారు. ఎండబెట్టేటప్పుడు ట్రెహలోజ్ అనే చక్కెర వాడితే 45 డిగ్రీల్లో 14 రోజులున్నా మందు బలం పెద్దగా తగ్గలేదని 2000లోనే చూపించారు. మన శాస్త్రవేత్తలు ఝాన్సీ, రేవతి అనే రకాలను 40 డిగ్రీల్లో పెంచి వేడికి అలవాటు చేశారు. ఇవి అక్కర్లేదని అనను. ఏటూరునాగారం అడవుల్లోకి వలసపోయిన మందల వెంట మే నెలలో ఐస్ డబ్బా మోసినవాణ్ని. కానీ నా మంద కథలో వేడికి పాత్ర లేదు. అక్కడ కావలసింది పది, పాతిక మోతాదుల సీసా. అది కనిపెట్టడానికి ల్యాబ్ కూడా అక్కర్లేదు. చిన్న సీసా అయితే మోతాదు ధర పెరుగుతుందని తయారీ రంగంలోని ఒక మిత్రుడు చెప్పాడు. పెరుగుతుంది, నిజమే. పారబోసిన మోతాదుల ధర, తప్పుగా వేసిన మోతాదుల ధర కూడా ఆ లెక్కలో కలపమన్నాను.

ల్యాబ్ చెయ్యగల సాయం ఇంకో రెండు చోట్ల ఉంది. తల్లి యాంటీబాడీలకు చిక్కకుండా పనిచేసే టీకా ఒకటి. పి.పి.ఆర్. వైరస్ పైపొరలోని ప్రొటీన్‌ను మరో నిరపాయకరమైన వైరస్ మీద ఎక్కించి పంపే పద్ధతులు మేకల్లో ఫలితాలిచ్చాయి. అందులో గొర్రెల బొబ్బరోగం టీకా వైరస్‌నే వాహనం చేసుకుని రెండు రోగాలనూ ఒకే సూదితో ఆపాలన్న ఆలోచన నాకు బాగా నచ్చింది. రెండోది, టీకా ముద్రను రోగం ముద్ర నుంచి వేరుగా చూపే గుర్తు టీకా. ప్రపంచం నుంచి పి.పి.ఆర్.ను 2030 నాటికి లేకుండా చెయ్యాలన్నది అంతర్జాతీయ సంస్థల లక్ష్యం. అలాంటి గుర్తు లేకుండానే రిండర్‌పెస్ట్‌ను 2011లో అంతం చేశారు కదా అని కొందరంటారు. అది పశువుల్లో. ఆవు ఏళ్ల తరబడి ఉంటుంది. గొర్రెల మందలో ఏటా మూడో వంతు అమ్ముడుపోయి, అంతకు అంత కొత్త పిల్లలు వస్తాయి. నిరుడు వేసిన టీకా ఈ ఏడు మందలో మూడో వంతు జీవాల్లో ఉండదు. ఎక్కడ ఆపాలో, ఎక్కడ ఇంకా వెయ్యాలో తెలియాలంటే రక్తం చూసి చెప్పగలగాలి. జనవరిలో ఆ సీరం ఫలితం చేతిలో పెట్టుకుని నేను పడ్డ తికమకే దేశం స్థాయిలో పడతారు.

ఏప్రిల్‌లో

ఆ ఏడాది ఏప్రిల్‌లో మళ్లీ ఆ ఊరికి వెళ్లాను. ఈసారి టీకా పెద్దవాటికి కాదు, అక్టోబర్ పిల్లలకే. పెద్దాయన మందలో బతికిన 18, పక్క రెండు మందల్లోని 23. బతికినవాటిలో కొన్నిటికి రోగం వచ్చి తగ్గింది, కొన్నిటికి టీకా ముందే పట్టింది. ఏది ఏదో వేరు చెయ్యలేం కాబట్టి అన్నిటికీ వేశాను, వేసినందువల్ల నష్టం లేదు. పెద్దాయన ముందురోజే పాత గొర్రెల పిల్లల నెత్తిన ఎర్ర రంగు పూసి ఉంచాడు, వాటికి ముందు పడాలని. కొత్తగా కొన్న నాలుగు గొర్రెలు దూరంగా తుమ్మచెట్టు కింద కట్టేసి ఉన్నాయి. నేను అడక్కముందే "పదిహేను దినాలాయె" అన్నాడు.

సీసా మాత్రం ఆయన దొడ్డి దగ్గర తెరవలేదు. పొద్దున ఆరున్నరకు అవ్వ ఇంటికి వెళ్లి, అక్కడ కలిపి, ఆమె మూడు మేకలకు వేసి, తర్వాత మందకు వచ్చాను. అవ్వ మేకలను ఒక్కొక్కటిగా పట్టిచ్చింది. చివరిదాన్ని వదిలాక "మళ్లొస్తా అంటివి గద" అంది, అంతే.

ఎనిమిదింటికల్లా అయిపోయింది. మొత్తం 44. సీసాలో 56 మోతాదులు మిగిలాయి. చుట్టూ పెద్ద గొర్రెలున్నాయి, రెండు వారాల పిల్లలున్నాయి. ఎవరో "వాటికి గూడ ఏసెయ్యరాదు సారూ" అన్నారు. సీసాను సంచిలో పెట్టుకుని, ఆస్పత్రికి వచ్చి ఉడకబెట్టి పారబోశాను. రిజిస్టర్‌లో "44 వేసినవి, 56 పారబోసినవి" అని రాశాను.